ఒక్క గుటక

"పాలు పట్టమ్మా. దిగుడు దారిలో చెవులు మూసుకుపోతాయి. గుటక వేస్తే గాని తెరుచుకోవు," అంది వెనక సీట్లోని శాలువా పెద్దావిడ.

బస్సు మలుపులు తిరుగుతూ కొండ దిగుతోంది. పాప పావుగంటగా ఏడుస్తోంది. మొహమంతా కందిపోయింది. కుడి చెవిని పిడికిలితో పీక్కుంటోంది. కిటికీ పక్కన కూర్చున్న తల్లి పాపను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మారుస్తోంది. భర్త మోకాళ్ల మధ్య ఫ్లాస్కు ఇరికించుకుని, పాలపొడి డబ్బా మీది చిన్న అక్షరాలు చదువుతున్నాడు.

"ఎన్ని చెంచాలు?" అని అడిగాడు.

"కాగితం మీద రాసిచ్చారుగా, చూడండి."

పెద్దావిడ ముందుకు వంగింది. "ఎన్నో నెల?"

"ఐదు నిండాయండి."

"ఐదు నెలల పిల్లకి పాలు కలపడానికి కాగితం చూడాలా? ఇన్నాళ్లూ ఎవరు పట్టారు?"

"ఆయా."

"పుట్టినప్పటి నుంచీనా?"

తల్లి తల ఊపింది.

"ఉద్యోగమా?"

"అవునండి, బ్యాంకులో."

"అదీ సంగతి," అంది పెద్దావిడ, సగం బస్సుకు వినపడేలా.

సీసా సిద్ధమైంది. పాప రెండుసార్లు చప్పరించి, పాలపీకను నాలుకతో బయటికి తోసేసింది. ఏడుపు ఇంకా పెరిగింది.

కండక్టర్ సీట్లు పట్టుకుంటూ వచ్చాడు. "గోరువెచ్చని నూనె రెండు చుక్కలు చెవిలో వెయ్యండి మేడం. మా ఇంట్లో అదే వైద్యం."

"వద్దండి. చిన్నపిల్లల చెవిలో ఏమీ పొయ్యకూడదు."

"అది మాత్రం తెలుసే," అంది పెద్దావిడ. "ఇలా ఇవ్వు. నలుగురిని పెంచాను. నా చేతిలో పడితే అదే ఊరుకుంటుంది."

తల్లి పాపను ఇంకా దగ్గరగా పొదువుకుంది. "ఏమనుకోకండి. నా దగ్గరే ఊరుకోవాలి."

"పంతాలకి ఇదా సమయం? పిల్ల నొప్పితో అల్లాడుతుంటే."

తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త మెల్లగా మోచెయ్యి తట్టాడు. "పోనీ ఆవిడకి ఇద్దామా?"

"ఇంకొక్కసారి చూస్తాను."

ఆమె మొహం చూసి పెద్దావిడ కాస్త మెత్తబడింది. "సరే, చెప్పినట్టు చెయ్యి. పడుకోబెట్టకు. నిటారుగా కూర్చోబెట్టి తల నీ గుండెకి ఆన్చు. ఆ, అలా. పీక పెదవికి తాకించి ఆగు. నోట్లో కుక్కకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"నీ పిల్లతో ఏం మాట్లాడాలో కూడా నేనే చెప్పాలా?"

తల్లి ఒక్క క్షణం తడబడి, కిటికీలోంచి కనిపించినవన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఇదిగో లారీ. ఇదిగో వంతెన. మన ఇల్లు ఇంకా దూరం. మూడో అంతస్తు, మెట్లెక్కాలి. నీ ఉయ్యాల కిటికీ పక్కనే.

పాప ఏడుపు తగ్గించి ఆమె నోటి వంక చూసింది. పెదవులు పీకను అందుకున్నాయి. గొంతు దగ్గర చిన్న కదలిక. ఒక గుటక. కాసేపటికి ఇంకొకటి. సీసా సగమయ్యేసరికి చెవిని వదిలేసి, ఆమె చూపుడువేలు పట్టుకుని నిద్రలోకి జారుకుంది.

బస్సు చదునైన రోడ్డు మీదకు వచ్చింది.

"చూశావా, ఎంత సేపు పట్టింది? ఇకనైనా సెలవు పెట్టి దగ్గరుండి చూసుకో," అంది పెద్దావిడ.

"పెట్టానండి. ఆరు నెలలు."

"ఈ బుద్ధి ఐదు నెలల క్రితమే ఉండాల్సింది," అంటూనే తన శాలువా తీసి పాప కాళ్ల మీద కప్పింది.

తల్లి మాత్రం పాప పట్టుకున్న వేలు కదిలిపోకుండా చూసుకుంటూ కూర్చుంది.

దత్తత కాగితాల మీద సంతకం పెట్టి, ఆ పాపకు ఆమె తల్లయి అప్పటికి మూడు గంటలే అయింది.