అనంతలక్ష్మి దాచిన మనిషి

ఫెన్సు మీంచి ఒక మనిషి దబ్బుమని అనంతలక్ష్మి పెరట్లో పడ్డాడు.

పడ్డవాడు నడుం పట్టుకుని, “అవ్వో, సచ్చిన్రా!” అని మూలిగాడు.

తీగ మీద దుప్పట్లు ఆరేస్తున్న అనంతలక్ష్మి అలాగే నిలబడిపోయింది. పరాయి దేశంలో, ఈ రోటోటూనా పేటలో, ఈ ఇంట్లో అద్దెకి దిగి ఏడాది దాటింది. చుట్టుపక్కలవాళ్ళు చెయ్యి ఊపి నవ్వడమే తప్ప నోరారా మాట్లాడింది లేదు. అలాంటిది, పట్టపగలు, ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు తెలుగు!

నలభై దాటిన మనిషి. బట్టతల, బానపొట్ట. చెమటకి టీషర్టు ఒంటికి అతుక్కుపోయింది. సందు మొదట్లోంచి కుక్క మొరుగుడు వినిపించింది. ఫెన్సు చెక్కల మధ్య నుంచి చూస్తే నీలం యూనిఫారం.

“పోలీసులు నీ వెనకేనా?” అందామె.

అతను తలూపాడు. ఆయాసంతో మాట రావడం లేదు. “అక్కా, జెర నా మాట ఇనుండ్రి... నేనేం చెయ్యలే...”

“నాకు తెలుసు” అంది అనంతలక్ష్మి.

ఆ మాటే ఒకప్పుడు ఆమె తమ్ముడూ అన్నాడు. ఎవరిదో మోటారు సైకిలు పోయిందని ఊళ్ళో పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. నిజం వాళ్ళే తేలుస్తారులెమ్మని ఇంటిల్లిపాదీ నమ్మారు. నిజం తేలింది. అసలు దొంగ దొరికాడు. కానీ అప్పటికే తమ్ముడి కుడికాలు పనికిరాకుండా పోయింది.

అనంతలక్ష్మి ఆ మనిషి రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళింది.

“అక్కా, గట్ల కాదు, నేను...”

“నోర్ముయ్యి తమ్ముడూ. నేనుండగా నీ మీద ఈగ వాలదు.”

నడవాలో వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మారా ఒకటుంది. ట్యాంకు వేడికి ఆరతాయని బట్టలు అందులోనే పెడుతుందామె. రజాయిలు పక్కకి తోసి అతన్ని లోపలికి నెట్టింది. పొట్ట అడ్డొచ్చింది. “ఊపిరి బిగబట్టు” అని మోకాలితో తలుపు మూసింది. లోపల ఏదో కిసుక్కుమంది. పాపం, ఏడుస్తున్నాడనుకుంది.

తలుపు తట్టారు.

అప్పుడు గుర్తొచ్చాడు భర్త రామమోహన్. సరుకులకని ఆక్లండ్ వెళ్ళాడు. “ఇక్కడే స్థిరపడ్డానికి మన పీఆర్ ఇంకా రాలేదు. ఇక్కడ పోలీసులకి అబద్ధం చెప్పావో, మూటాముల్లే సర్దుకోవడమే” అని ఎన్నిసార్లు చెప్పాడో! అయినా వెళ్ళి తలుపు తీసింది.

కుక్క గొలుసు పట్టుకుని ఒక కుర్ర పోలీసు. వెనకాల చేతులు కట్టుకుని నెరిసిన మీసాల సార్జెంటు.

“మేడమ్, ఇటు ఎవరైనా పరిగెత్తుకొచ్చారా?” అన్నాడు కుర్రాడు.

“పిట్ట కూడా వాలలేదు బాబూ.”

అంత తియ్యగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలీదు. గుండెలో భయం గంతులేస్తోందో, సంబరం గంతులేస్తోందో తేల్చుకోలేకపోయింది.

ఈలోగా కుక్క గొలుసు లాక్కుంటూ నడవాలోకి దూసుకెళ్ళింది. తిన్నగా అల్మారా ముందు కూర్చుని ఇల్లెగిరిపోయేలా మొరిగింది.

“అందులో ఏముంది మేడమ్?”

“ఆవకాయ. మా దేశం పచ్చడి. మీ కుక్క పాపం ఎప్పుడూ ఆ ఘాటు ఎరగదేమో!”

“ఒకసారి తలుపు తీస్తారా?”

“తీస్తాను. నా లోపలి బట్టలు కూడా అందులోనే ఆరేశాను. పర్లేదంటే చూసుకోండి.”

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అనంతలక్ష్మికి నవ్వు ఆగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత హుషారు ఎప్పుడూ లేదు. ఆవకాయట, లోపలి బట్టలట! తమ్ముడితో ఫోన్లో చెప్తే ఎంత నవ్వుతాడో!

సార్జెంటు ఆమెని ఓసారి చూశాడు. నుదుటి మీద బొట్టు, తడిసిన చేతులు, వేళ్ళ మధ్య బట్టల క్లిప్పు.

“ఈవిడ మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతాం?” అన్నాడు కుర్రాడితో. “తప్పు కుక్కదే. సారీ.”

కుర్రాడి మొహం పాలిపోయింది. “సార్, ప్లీజ్, ఇంకొక్కసారి...”

“ఇదే ఆఖరి ఛాన్సని ముందే చెప్పాను. రేపట్నుంచి దీనికి డ్యూటీ లేదు.”

కుర్రాడు మోకాళ్ళ మీద కూలబడి కుక్క మెడ చుట్టూ చేతులు వేశాడు. వాడి కళ్ళలో నీళ్ళు. కుక్క వాడి చెంప నాకి, మళ్ళీ అల్మారా వైపు తిరిగి కుయ్యిమంది.

అనంతలక్ష్మి సంబరం సగం చల్లారింది. ఒక్క దొంగ దొరక్కపోతే నోరులేని జీవాన్ని తీసేస్తారా? ఇదేం న్యాయం? కానీ ఇప్పుడు నిజం చెప్తే లోపలున్నవాడి గతేం కాను?

అంతలో అల్మారా తలుపు భళ్ళున తెరుచుకుంది. రెండు రజాయిలు, ఒక లంగా, వాటి మీద ఆ బానపొట్ట మనిషి నడవాలోకి దొర్లిపడ్డారు.

అనంతలక్ష్మి కెవ్వుమంది. అతను మాత్రం ఆమె వైపు చూడనైనా చూడకుండా, రెండు చేతులూ పైకెత్తి, సార్జెంటుకి అడ్డంపడ్డాడు.

“సార్, సార్, పరీక్షలో కుక్కని ఫెయిల్ చెయ్యకండి, దొంగలా పరిగెత్తి దాక్కోమని మీరు పంపిన వీరేశాన్ని నేనే, అది నన్ను కరెక్టుగానే పట్టింది!”