నోరు విప్పని ఊరు

పంచాయతీ ఓటుకు పార్టీలుండవు, మనిషిని చూసి వేయాలి. ఆ మనిషి గురించి ఇంట్లో ఏమనుకుంటున్నారో వంటగది గోడకున్న పెట్టె వింటుంది. పోలింగు రోజు తెల్లారగానే, విన్నదాన్ని బట్టి ఇంటిల్లిపాది ఓట్లూ అదే వేసేస్తుంది.

సాయవ్వకు ఆ పెట్టంటే భయం. ఊరి బోరునీళ్ళు తన తోటకు మళ్ళించుకున్న సర్పంచ్ దామోదర్‌ను తిట్టిన ఇంటికి మర్నాడే నల్లా బందవుతుంది. ఏ మాటలో మనసు బయటపడుతుందోనని ఆమే, మొగుడు బక్కన్నా నెల రోజులుగా సైగలతోనే కాలం వెళ్ళదీశారు. కూరలో ఉప్పు తక్కువైతే బక్కన్న వేళ్ళతో చూపించాడే గాని నోరు విప్పలేదు. పెట్టెకేమీ తెలియకపోతే ఓటు తమ చేతిలోనే ఉంటుందని, దాన్ని దామోదర్ మీద నిలబడ్డ నిర్మల టీచర్‌కు వేయొచ్చని సాయవ్వ ధీమా.

పోలింగు రోజు పంచాయతీ ఆఫీసుకెళ్ళి, సిరా చుక్క కోసం వేలు చాచింది.

"నీ ఓటు పొద్దుగాలనే పడ్డదక్కా, దామోదరన్నకు," అంది గుమాస్తా స్వరూప తలెత్తకుండానే.

"మేమేం మాట్లాడలే గదా. అదెట్ల ఏస్తది?"

"మాట్లాడనోళ్ళకు ఉన్న సర్పంచే ఇష్టమని లెక్క. ఈసారి మనూరు ఏకగ్రీవం. ఏ ఇంట్ల గూడ ఒక్కరు నోరిప్పలే."

సాయవ్వ వెనక్కి నడిచింది. వాడకట్టంతా నిశ్శబ్దం. ప్రతి కిటికీలోనూ, సంగతింకా తెలియని మనుషులు సైగలు చేసుకుంటూనే ఉన్నారు.