స్టీరింగ్ లోపం

మూడింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆలోపు పని అయిపోవాలి.

మేస్త్రి పనివాళ్ళందరికీ సెలవిచ్చి, షెడ్డు షట్టరు సగానికి దించాడు. మధ్యలో అల్లుడి మినీవ్యాను స్టాండ్ల మీద నిలబడి ఉంది. పదిహేనేళ్ళ బండి. పదకొండు రోజుల కిందట దాన్ని క్వారీ గుంటలోంచి క్రేనుతో పైకి తీశారు. సీట్ల కింద నుంచి ఇంకా బురదనీళ్ళు కారుతూనే ఉన్నాయి. అల్లుణ్ణి బండికంటే గంట ముందే తీశారు, కానీ అప్పటికే అంతా అయిపోయింది.

పట్టపగలు, ఖాళీ రోడ్డు. వంపు దగ్గర బండి తిరగకుండా నేరుగా వెళ్ళి నీళ్ళలో పడింది. దాన్ని ఈ షెడ్డుకే లాగించి పెట్టిన ఇన్‌స్పెక్టరు వెళ్తూ వెళ్తూ ఓ మాట అన్నాడు.

"తేలాల్సింది ఒకటే మేస్త్రీ. బండి తిరగలేదా, మనిషి తిప్పలేదా?"

బండి తిరగకపోతే తప్పు మేస్త్రిదే. నాలుగు నెలల కిందట "స్టీరింగ్ లూజుగా ఉంది మామయ్యా" అని అల్లుడు తెస్తే, అరిగిపోయిన ర్యాక్ తీసేసి వేరేది బిగించింది ఆయనే. స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పేది ఆ పళ్ళ కడ్డీయే. దాని పళ్ళు జారాయంటే డ్రైవరు ఎంత తిప్పినా గాలిని తిప్పినట్టే.

మేస్త్రి చేతికి పేరుంది. ఆయన బిగించిన బోల్టు మళ్ళీ ఆయనే విప్పాలంటారు. తోటి మెకానిక్కులు ఆ మాట పొగడ్తగా అనరనుకోండి, అది వేరే సంగతి. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతి మీదుగా వెళ్ళిన బండి ఒక్కటీ ఇలా తిరిగి రాలేదు.

నిన్న మధ్యాహ్నం ఆయన కిందికి దూరి, ర్యాక్ మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగి, టార్చి వేసి చూశాడు. బయటికొచ్చి టైరుకు ఆనుకుని గంటసేపు అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత లేచి పాత ఇనుము దుకాణానికి వెళ్ళాడు.

ఇందాక ఆ దుకాణం ముసలాయన స్వయంగా తోపుడుబండి మీద గోనెసంచి తెచ్చాడు. వీధి వీధంతా ఆయన్ని తుప్పు తాత అంటుంది.

"ఈ మోడలు బళ్ళే రావడం మానేశాయి. మూడింటిని విప్పితే ఇదొక్కటి దొరికింది. నువ్వడిగినట్టే ఉంది."

"ఎవరితోనూ అనకు తాతా."

"చెప్పుకునే పనా ఇది! ఇంకోసారి ఆలోచించుకో. షెడ్డూ పోతుంది, పరువూ పోతుంది."

"ఆలోచించే అడిగాను."

స్టీరింగ్ కదలకుండా తాడుతో కట్టి, మేస్త్రి బండి కిందికి దూరాడు. రెండు వైపులా చక్రాల దగ్గరి కడ్డీలు విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకున్నాడు. ఎడమన పదిహేడు, కుడిన పదహారున్నర. మళ్ళీ అన్నే చుట్లు తిప్పాలి, లేకపోతే చక్రాలు దిక్కుకొకటి చూస్తాయి. ర్యాక్ ఊడి గుండెల మీదికి దిగింది. దాన్ని అలాగే కాసేపు పట్టుకుని పడుకున్నాడు.

"నాన్నా."

షట్టరు కింద కూతురి చెప్పులు కనిపించాయి.

"చూశావా?"

"ఇంకా విప్పుతున్నానమ్మా. నువ్వు తిన్నావా?"

ఆ మాట ఆమె వినిపించుకోలేదు. పదకొండు రోజులుగా ఆమె తిన్నదీ లేదు, ఏడ్చిందీ లేదు.

"ఆ పొద్దున నేను ఎంతమాట అన్నానో నీకు చెప్పాను కదా. నీకంటే ఆ క్వారీ నయం, పోయి అందులో దూకు అన్నాను."

"మొగుడూ పెళ్ళాలన్నాక కోపంలో సవాలక్ష అనుకుంటారు. అవన్నీ పట్టించుకుంటే ఒక్క కాపురం నిలబడదు."

"తను తిప్పలేదేమో నాన్నా. నాకది తెలియాలి. తెలియకపోతే నేను బతకలేను."

బోల్టు చేతిలోంచి జారి ఆయన నుదుటి మీద పడింది. తడుముకుని దాన్ని ఏరుకున్నాడు.

ఆమె వెళ్ళాక సంచిలోది బిగించి, తీసిందాన్ని సంచిలో చుట్టి, బయట కాచుకున్న తాత తోపుడుబండిలో వేశాడు. ఆపైన మళ్ళీ కిందికి దూరి, బోల్టుల మీద, గొట్టాల మీద క్వారీ బురద పూశాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఈయన ఏరి కోరి తొక్కుతున్నాడు, కడుక్కునే ఆశ కూడా లేదు.

చెప్పిన వేళకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కూతురు గోడ పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టరు స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. సగం చుట్టు తిరిగినా చక్రం కదల్లేదు. కిందికి వంగి, రబ్బరు తొడుగు లాగి చూసి లేచాడు.

"పళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. ఇది బిగించిందెవరు?"

"నేనేనండీ."

"చూసే బిగించారా?"

"కొత్తది దొరకలేదండీ. ఇదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

"సర్దుకోవడమా? ప్రాణం పోయిందయ్యా! షెడ్డుకు సీలు వేస్తాను. కేసు కూడా పడుతుంది."

మేస్త్రి తల ఊపాడు. కూతురు వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"తను తిప్పాడు కదా నాన్నా? తిప్పినా తిరగలేదు కదా?"

"తిప్పాడమ్మా. తిరగలేదు."

ఆమె అక్కడే గ్రీజు నేల మీద కూలబడి, పదకొండు రోజుల ఏడుపూ ఒక్కసారిగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచింది. "ఇక నువ్వు నాకు నాన్నవి కాదు" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అదే వేళకి తాత దుకాణం నుంచి ఇనుము కరిగించే కొలిమికి బయల్దేరిన లారీలో, మేస్త్రి ఇందాక అల్లుడి బండి నుంచి విప్పి తీసిన ర్యాక్, ఒక్క పన్నయినా అరగకుండా, వెంట్రుకవాసి లూజైనా లేకుండా, నాలుగు నెలల కిందట బిగించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.