రెండో సాక్షి

"బావా, ఆ సంతకం నావల్ల కాదు. పెడితే మా అక్క నన్ను గడప తొక్కనీదు."

బావమరిది మహేంద్ర ఫోను పెట్టేశాడు. ఎమ్మిగనూరులో బస్సెక్కినవాడు సగం దారిలోనే దిగిపోయాడట.

ఆదోని రిజిస్ట్రారాఫీసు ముందు శేషప్ప నెత్తి గోక్కున్నాడు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఒకడున్నాడు, హొళగుంద నుంచి ఆటో తోలుకొచ్చిన యేసేపు. రెండోవాణ్ణి ఇప్పటికిప్పుడు ఎక్కడ పట్టేది? లోపల్నించి పిలుపు ఎప్పుడైనా రావచ్చు.

ఎదురుగా నాగమ్మ టీకొట్టు. బెంచీ మీద దేవరాజు ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. ఏటా శేషప్ప పత్తి బోరాలు దించేది అతనే.

"దేవరాజూ, సంతకం వస్తాదా నీకు?"

"అప్పుకు జామీనైతే రాదన్నా. మిగతావాటికి బ్రహ్మాండంగా వస్తాది."

"వీలునామాకు."

దేవరాజు చేతిలో బజ్జీ నోటి దగ్గరే ఆగిపోయింది. "అబ్బో! ఎన్నెకరాలు? ఎవరికి?"

"ఐదెకరాలు. నల్లరేగడి. మనిషి పోయినంక పొలం అమ్మి, ఆ దుడ్డంతా కొత్త మందులు కనిపెట్టేవాళ్ళకు ఇయ్యల్ల."

"పురుగుమందులా?"

"మనుషుల మందులప్పా."

శేషప్ప పంచె పైకి లాగి కాలు చూపించాడు. మడమ నుంచి మోకాలి దాకా నల్లటి మచ్చ.

"పోయినేడు పత్తికట్టె గుచ్చుకుని చీము పట్టింది. ఏ మందుకూ లొంగలేదు. కర్నూల్లో కాలు తీసేయల్ల అన్నారు. ఆఖరికి ఒక్క మందు పట్టింది. ఈ పురుగులు దీనికీ అలవాటు పడితే మా దగ్గర ఇంకేం లేదు పెద్దాయనా, అన్నాడు డాక్టరు."

"మందుకు అలవాటు పడేదేందన్నా, తాగుబోతులా?"

"నీ యార్డుకొచ్చే పత్తినడుగు. మొదట్లో ఒక్క మందుకే చచ్చేది కాయపురుగు. ఇప్పుడు మూడు కలిపి కొట్టినా తలకు పోసుకున్నట్టు కులుకుతాది. ఒంట్లో పురుగూ అంతే. నొప్పి తగ్గితే సాలు, మిగిలిన మాత్రలు గూట్లో దాస్తాం గదా. ఆ సగం మందు తిని అది బలుస్తాదంట."

దేవరాజు చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. పంటి చిగురు వాపుకు డాక్టరిచ్చిన మాత్రలు. నొప్పి తగ్గిందని పొద్దున మానేశాడు.

నాగమ్మ రెండు టీలిచ్చింది. శేషప్ప ఒకటి గటగటా తాగాడు. రెండోదానికి చక్కెర తగ్గించమని చెప్పి, ఒక మెత్తటి బన్ను కూడా తీసుకుని, రోడ్డు దాటి ఆటోలోకి ఇచ్చొచ్చాడు.

"ఆటో తోలేటోనికి ఇంత మర్యాదా!" దేవరాజు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంతకీ వారసులెంతమంది?"

"ఒక్కడే కొడుకు."

"అమ్మో! వాని నోట్లో మన్ను కొట్టే కాగితం మీద నా సంతకమా? యార్డుకొచ్చి తంతాడు."

"తన్నడు. నేను చూసుకుంటాలే."

"వానికి తెలుసా?"

"తెలుసు. మొదట అలిగినాడు. కూటి కాడ్నుంచి లేసిపోయినాడు. ఆకలైతే వాడే వచ్చి సంగటి తిన్నాడు."

"ఇప్పుడేమంటాడు?"

"ఇప్పుడు నవ్వుతాండాడు."

"నమ్మొచ్చా?"

శేషప్ప ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. "అదే భయం. పొలం పక్కనే పెద్ద రోడ్డు పడతాంది. పొద్దున కూడా ఎవడో వచ్చి ధర అడిగిపోయినాడు. కొడుకు మంచోడే గానీ, ఆ ధర ఇన్నప్పుడల్లా వాని మనసు ఊగుతాది. ఈ దినం వేలిముద్ర పడిందంటే నిమ్మళం."

"వాడిప్పుడు యాడుండాడు?"

"ఆదోనిలోనే ఉండాడు."

దేవరాజు గబుక్కున రోడ్డుకు రెండు వైపులా చూశాడు. "మనిషి ఎట్లుంటాడు? గట్టోడా?"

"నా అంతే ఉంటాడు."

"అయితే తట్టుకోవచ్చులే." దేవరాజు ఎండుకట్టెలాంటి శేషప్పను మరోసారి కొలిచి చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. "అయినా పాపం గదన్నా. వాడెట్ల బతకల్ల?"

"ఇంకో రెండెకరాలుందిలే. రెండు కాళ్ళూ ఉండాయి. చేసుకుని తింటాడు."

దేవరాజు ఉగ్గాని ప్లేటు పక్కన పెట్టాడు. జేబులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకున్నాడు.

"నాగమ్మక్కా, నీళ్ళియ్యి. పదన్నా, యాడ పెట్టల్ల సంతకం?"

ఇంతలో లోపల్నించి కేక వచ్చింది. దేవరాజు చేతులు తుడుచుకుని ముందు నడిచాడు. గుమ్మం దాటేటప్పుడు మళ్ళీ ఒకసారి వెనక్కి చూశాడు, ఆ కొడుకు ఎక్కణ్ణించి వచ్చి పడతాడోనని.

సబ్‌రిజిస్ట్రారు మేడం కాగితాలు తిప్పి, కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"సాక్షులు పక్కన నిలబడండి. వీలునామా రాసినవాళ్ళు రండి."

"పోన్నా, నిన్నే," అంటూ దేవరాజు పక్కకు తిరిగాడు. శేషప్ప లేడు. గుమ్మంలోంచి చూస్తే, యేసేపుతో కలిసి ఆటో దగ్గర వంగి ఉన్నాడు.

బన్ను తునకలు ఇంకా పెదవికి అంటుకునే ఉన్న ఒక పండు ముసలామె, శేషప్ప భుజం ఊతంగా అడుగులో అడుగేసుకుంటూ లోపలికొచ్చి, బొటనవేలు ముందుకు చాచి, "యాడ ఒత్తల్లో తొందరగా సెప్పమ్మా, నా ఒక్కగానొక్క కొడుకు వీడే, మళ్ళా వీని మనసు మారతాది," అంది.