పసుపు కాగితం

"మిగతా మందుల చీటీలన్నీ ఇన్సూరెన్స్ కార్డులోకే పంపిస్తారు కదా డాక్టర్ గారూ, ఇదీ పంపండి," అని ఫోనులో బతిమాలింది హిమజ.

"మార్ఫిన్‌కు కుదరదమ్మా. పసుపు కాగితం మీద సంతకం పెట్టివ్వాలి. క్లినిక్ మూసేలోగా ఎవరినైనా పంపండి."

జర్మనీలోని జీగెన్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు పంపడానికి ఎవరున్నారు? కేన్సర్ నొప్పితో మెలికలు తిరుగుతున్న భర్తను చూస్తూ, కోటు తొడుక్కుంది.

"అరగంటలో వచ్చేస్తా."

"ఈడ నొప్పికి గూడ టెర్మిన్, గదే అపాయింట్‌మెంట్, గావాలె," అని నవ్వబోయాడు విశ్వతేజ. అంతలోనే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పోకు హిమా. నొప్పి ఓర్సుకుంట. నువ్వొచ్చేసరికి నేను లేకుంటే?"

ఇన్నాళ్లూ అతను నొప్పికే భయపడుతున్నాడనుకుంది.

మళ్లీ ఫోను చేసింది.

"కాగితం రాసి, మందు కూడా మీరే తెండి డాక్టర్ గారూ. ఆయన నా చెయ్యి వదలట్లేదు."