ఖాళీ చేయించిన గది

అంజయ్య భార్య రాధమ్మ ట్యాంకరు నీళ్లు బిందెల్లోకి పడుతోంది.

పక్క గదిలో అద్దెకుంటున్న హైమావతి వచ్చి, అరుగు మీదున్న అంజయ్య దగ్గర నిలబడింది.

"అంజయ్యగారూ, ఇంకో రెండు రోజులు ఉండనివ్వండి. చేతిలో పని సగంలో ఉంది. ఎవరికో మాటిచ్చాను."

"వారం కిందనే చెప్తిని గద మేడం?" అన్నాడు అంజయ్య. "కొత్త కంప్యూటర్ వచ్చి కూసుంది. షెడ్డుల పెడితే ఇనుప పొడి పోయి పాతదాని లెక్కనే ఖరాబైతది. నాకు గా గది కావాలె."

బొల్లారంలో, ఇంటి వెనకే అతని షెడ్డు. రేకులు కోసే యంత్రమే బతుకుదెరువు. దాన్ని నడిపే కంప్యూటర్ కాలిపోయింది. సోమవారంలోగా సరుకు ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది, షెడ్డు మూతపడుతుంది.

"ఏం పనో ఏమో," రాధమ్మ పైపు ఇంకో బిందెలోకి మార్చింది. "ఆఫీసుకు పోరు, ఎవలూ రారు. పొద్దుగూకే దాక గా కంప్యూటర్ డబ్బ ముందల కూసునుడేనాయె."

హైమావతి నవ్వి, సామాను సర్దుకోడానికి గదిలోకి వెళ్లింది.

మధ్యాహ్నం ఆటో పిలుచుకుంది. తన కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

అంజయ్య గది కడిగించి, కొత్త కంప్యూటర్ పెట్టించి, సంగారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే లింగానికి ఫోన్ చేశాడు.

"గది తయారుందిరా. జల్దీ రా."

"వచ్చి ఏం చేయాలె అన్నా? కొత్త కంప్యూటర్‌ల దాన్ని నడిపే లైనక్స్ గూడ కొత్తదే ఎక్కుతది. నీ రేకులు కోసే ప్రోగ్రాంకేమో పాత లైబ్రరీ కావాలె. కొత్తదాంట్ల అది తీసేసిన్రు."

"నడుమ లైబ్రరీ ఏందిరా? నేనేమన్న పరీక్ష రాస్తున్ననా?"

"పుస్తకాలు గాదే! ప్రోగ్రాంకు ఆసరయ్యే ముక్కలు. అవి లేకుంటే నడవదు. ప్రోగ్రాం చేసిన కంపెనీ మూతబడె. కొత్త లైనక్స్ వచ్చినప్పుడల్ల ఒక్కరే కూసోని, గా పాత లైబ్రరీని దానికి సరిపోయేటట్టు చేసి నెట్‌ల పెడతరు. పైస తీస్కోరు. నీకోసం బతిమాలితే రెండు రోజుల్ల ఇస్తనన్నరు."

"మరింకేంది?"

"ఇయ్యాల ఇల్లు ఖాళీ చేయించిన్రట. ఊరికి పోతున్నరట, అక్కడ నెట్ లేదట. ఇగ ఆశ పెట్టుకోవద్దన్నరు."

అంజయ్యకు ఒళ్లు మండింది.

"ఎవడురా గా ఇంటోడు? రెండు రోజులు ఆగితే వాని సొమ్మేం పోయె? మనిషేనా వాడు?"

"ఏం చేస్తమన్నా."

"ఆయనకు నా ఇల్లు చూపెట్టు. కిరాయి లేకుంట ఉంచుకుంట. ఎవరాయన?"

"ఆయన గాదన్నా, ఆమె, మీ బొల్లారంలనే ఉండె, హైమావతి మేడం," అని లింగం ఇంకా చెబుతుండగానే అంజయ్య ఫోన్ కింద పెట్టి, రాధమ్మ ఏమైందని అడుగుతున్నా ఆగకుండా, ఇల్లు దాటి హైమావతి ఆటో వెళ్లిన దారిన పరుగెత్తాడు.