మితాహారి లారీ

“ఏడాది మొత్తానికి మీ లారీల కర్బన ఉద్గారాలు సున్నానా?” ఆడిటరమ్మ నివేదికలోంచి తలెత్తింది.

“సున్నానేనండి,” అన్నాడు రవాణా కంపెనీ మేనేజరు. “సరుకంతా ఎలక్ట్రిక్ లారీలోనే వెళ్తుంది. కస్టమర్లు అదనపు కిరాయి ఇచ్చి మరీ సరుకు మాకే ఇస్తున్నారు.”

“మరి దాని కరెంటు బిల్లేదీ?”

“అది మితాహారి అండి.”

ఆమె నవ్వలేదు. “తిరుగు ప్రయాణం లెక్క?”

“సరుకే లేకుండా ఖాళీగా వచ్చే బండికి లెక్కెందుకండీ?”

ఆమె విసురుగా లేచి షెడ్డులోకి నడిచింది. మేనేజరు వెనకే వచ్చాడు. ఎలక్ట్రిక్ లారీ కడిగిన ముత్యంలా ఉంది. దాని చార్జింగ్ తీగ మాత్రం విప్పని ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. పక్కనే మూడు డీజిల్ లారీలు సరుకెక్కించుకుని, నల్లగా దగ్గుతూ బయల్దేరుతున్నాయి.

“కొన్నాక ఇదొక్కసారైనా కదిలిందా?”

“కదలని లారీకి పొగెక్కడిదమ్మా? సున్నా అక్షరాలా నిజం!”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నివేదికలోని సున్నాను కొట్టేసి, డీజిల్ లారీల లెక్క మొదటినుంచీ తీయాలని, అంతవరకూ ‘పొగలేని రవాణా’ ధ్రువపత్రం రద్దని అక్కడికక్కడే రాసి ముందుకు తోసింది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. లారీ మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఆమెకు జాలేసింది. “ఉద్యోగం పోతుందా?”

“ఓనరు మా మామగారండి. ఆయన కూతుర్ని చేసుకుని ఆయన సున్నాని నేను కాదనగలనా? ఎవరో ఒకరు పట్టుకోకపోతారా అని మూడేళ్లుగా ఇవే పిచ్చి జవాబులు చెబుతున్నా. మీకు ముందొచ్చిన ముగ్గురూ బుద్ధిగా రాసుకుని వెళ్లిపోయారమ్మా!”